మూకప్రహసనములందు వాద్యౌచిత్యము

హాస్యరసమునకు భయానక కరుణములు విరోధులని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ జెప్పియున్నాఁడు. అలంకారశాస్త్రము చదివినవారికెల్ల నిది తెలిసిన విషయమే. అయినను 1910-1930 సంవత్సరముల నడుమ అమెరికాలో వెలువడిన మూకప్రహసనచిత్రములలో నుత్తమములైనవానిని బరిశీలించినచో, నవి యీ విరోధముమీఁదనే కట్టఁబడినట్లు కానవచ్చును. హరాల్డ్ లాయిడ్ 1923లో నటించిన 'సేఫ్టీ లాస్ట్' చిత్రమున నాయకుఁడు పెక్కంతస్తుల మేడగోడ నెగఁబ్రాఁకుచు, పట్టుదప్పి, గడియారపుముల్లును బట్టుకొని నడివీథిమీఁద వ్రేలాడును. అది భయానకసామగ్రి. చార్లీ చాప్లిన్ 1925 నాఁటి 'గోల్డ్ రష్' చిత్రమున మంచుకొండలలోఁ జిక్కుకొని, యాఁకటికిఁ దాళలేక, తన బూటునే యుడికించి తినును. అది కరుణసామగ్రి. రెండుచోట్లను సభ పగులఁబడి నవ్వును. విరుద్ధరసముల యీ పొత్తు రసభంగమునకు దారితీయక నిలిచిన దెట్లు? తెఱప్రక్కఁ గూర్చుండి వాయించువాని కా నిలుకడలోఁ గల పాలెంత? ఈ రెండు ప్రశ్నలకును సంబంధము గలదని నా తలంపు. మొదటిదానికి సరియైన సమాధానము దొరకినఁగాని రెండవదానిని నిర్ణయింప వీలులేదు.

మూకచిత్రమనఁగా మాటలేని చిత్రమేగాని నిశ్శబ్దముగాఁ బ్రదర్శింపఁబడిన చిత్రము కాదు. పారిసునగరమున లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28వ తేదీని రుసుము పుచ్చుకొని చిత్రములఁ జూపిన కొలఁదికాలమునకే పియానో తెఱచెంతఁ జేరినది. 1908లో ఫ్రెంచి సంగీతకర్త సేంసాన్స్ 'డ్యూక్ ద గీజ్ హత్య' యను చిత్రమునకుఁ బ్రత్యేకముగా సంగీతము రచించెను. కాని యట్టి యదృష్టము నూటి కొకచిత్రమునకైనఁ బట్టలేదు. తక్కినవానికి వాయించువాని తెలివియే శరణ్యము. అతనికి సాయముగా 1909 నుండి ఎడిసన్ కంపెనీవారు ఏ ఘట్టమున కెట్టి సంగీతము తగునో సూచించు పట్టికల నచ్చువేయఁజొచ్చిరి. 1913లో జమెచ్నిక్ కూర్చిన పియానో సంపుటమున 'తొందర సంగీతము', 'దొంగ సంగీతము' మున్నగు శీర్షికలతోఁ జిన్నచిన్న రచనలు గలవు. 1924లో ఎర్నో రపే ప్రకటించిన గ్రంథమున నీ విభాగము పరాకాష్ఠ నందినది. ఆయన 52 భావములను, సన్నివేశములను లెక్కించి, వాయించువాఁడు చీఁకటిలో క్షణమున వెదకికొనుటకై పుటలయంచులందు సూచికను ముద్రింపించెను. మన లాక్షణికులు రసము లెనిమిదా తొమ్మిదా యని తరతరములు వాదించుకొనిరి. రపే గారి పట్టికలోనో విమానము, పక్షులు, రైలుబండియుఁ జేరినవి. ఇవి విభావములేగాని భావములు కావని యొక్కమాట చెప్పువా రాయనకు దొరకకపోయిరి కాఁబోలు.

ఈ పట్టికలు గంభీరచిత్రములకుఁ జేసిన మేలు కీడుల నిచ్చట విచారింపను. ప్రహసనములకు మాత్ర మివి కీడే చేసినవి. ఏలయనఁగా, హాస్యము గూడ నొక యఱగా నేర్పడినది. చిత్రము నవ్వించునదని తెలియఁగానే వాయించువాఁడు ఆ యఱ తెఱచి గంతులువేయు గతి నొకదానిని బైకిఁ దీయును. మొదటినుండి తుదివఱకు దానినే వాయించును. వాద్యబృందమున డోలు వాయించువాఁడో, మఱింత యుత్సాహి. నటుఁడు జాఱిపడిన డోలు, తలపై దెబ్బ తగిలినఁ గంచుతాళము, ప్యాంటు చినిఁగినఁ గిలకచప్పుడు. వుర్లిట్జర్ కంపెనీవారి నాటకశాలా ఆర్గనులలోఁ బిట్టకూఁతయు, గుఱ్ఱపుడెక్కల చప్పుడును, మోటారు హారనును మీటలక్రిందనే యమర్పఁబడియుండెను. చేతిక్రింద నున్నదానిని మ్రోఁగింపకుండ నుండుట మనుష్యునకు సులభము కాదు. కంటికిఁ గనఁబడినదానినే చెవికి మరలఁ జెప్పుట పునరుక్తి. కావ్యమందుఁ బునరుక్తి విసుగు పుట్టించును. ప్రహసనమందు నవ్వునే చంపును.

మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాఁడు బంగారక్కయుఁ దన్నుకొనునప్పుడు కాలిక్రింది బల్లచెక్క టపటప మ్రోఁగును గదా, అదియుఁ బునరుక్తి కాదా యని యెవరైన నడుగవచ్చును. అచ్చట బొమ్మ నాడించువాఁడే పలుకును, వాఁడే చెక్కను దొక్కును. దెబ్బయు దాని చప్పుడు నొక్క సంకల్పమునఁ బుట్టినవి. చిత్రమునందలి దెబ్బ యెన్నఁడో యెచ్చటనో తగిలినది. చప్పుడు చేయువాఁడు పరాయివాఁడు. ఎంత చుఱుకైనవాఁడైనను వాని చేయి కన్నుకంటె లవమాత్రము వెనుకఁబడును, లేదా నేర్చినవాఁడైనచో ముందుపడును. ముందుపడుట మఱింత దోషము.

ఇఁక రసవిరోధపరిహారమునకు వత్తము. విరుద్ధరసముల రెంటి నేకాశ్రయమున నిలుపరాదనియు, నాశ్రయము భిన్నమైనచో విరోధము తొలఁగుననియు ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున నానందవర్ధనుఁడు నిర్ణయించెను. నాయకునియందు వీరమును బ్రతినాయకునియందు భయానకమును జూపుట యిట్టిది. శాస్త్రకారు లీ యాశ్రయభేదమును గావ్యగతపాత్రలయందే యుదాహరించిరి. నే నిచ్చట దానిని సామాజికునివఱకు సాఁగఁదీయుచున్నాను. మూకప్రహసనమున కది తప్పదు. గడియారమునకు వ్రేలాడువానికి నవ్వు లేదు, వానికున్నది భయము. బూటు తినువానికిని నవ్వు లేదు. వానికున్నది యాఁకలి, దానితోడ విందారగించు పెద్దమనుష్యుని మర్యాద. మేకులను గోడియెముకలవలెఁ జీకి ప్రక్కన నుంచునపుడు వాని ముఖమున వెక్కిరింత యిసుమంతయు లేదు. భయమును గరుణయుఁ బాత్రయందు, హాసము ప్రేక్షకునియందు నిలుచుటచేతనే విరోధము పరిహృతమైనది.

నాట్యశాస్త్రమున భరతుఁడు హాస్యమును నాత్మస్థము, పరస్థమని రెండుగా విభజించెను. తాను నవ్వునది మొదటిది, పరుని నవ్వించునది రెండవది. బస్టర్ కీటన్ కేవలము పరస్థహాస్యమున కుదాహరణము. తల్లిదండ్రులతో బాల్యముననే రంగమెక్కిన యాతఁడు, తాను నవ్విననాఁడు సభ తక్కువగా నవ్వుననుట పసితనముననే గ్రహించితినని చెప్పుకొనెను. పిదప చిత్రములలో నతని శిలాముఖము జగత్ప్రసిద్ధమైనది. అట్టివాఁడు బిగఁబట్టుకొనియున్న నవ్వును బియానోవాఁడు వానికి మాఱుగా నవ్వినచో నింక నా బిగింపునకు ఫలమేమి? కావున వాద్యము పాత్ర యొక్క యాశ్రయముననే నిలువవలయును. పాత్ర దేనిని నమ్ముచున్నదో దానిని వాద్యమును నమ్మవలయును. సభ నవ్వును సభకే విడువవలయును.

ఈ సూత్రమును బరీక్షించుటకుఁ గీటన్ 1926లో నిర్మించిన 'జనరల్' కంటె మంచి చిత్రము లేదు. 1862లో అమెరికా అంతర్యుద్ధకాలమున జరిగిన యొక రైలింజను దొంగతనము దానికి మూలము. యుద్ధారంభమున సైన్యమునఁ జేరఁబోయిన జానీ గ్రే, యింజను నడుపువాఁడుగానే దేశమున కక్కఱవచ్చునని యధికారులు తలంచుటచేఁ ద్రోసివేయఁబడును. కారణ మెవ్వరును వానికిఁ జెప్పరు. పిఱికివాఁడని యెంచి ప్రియురాలు సైనికవేషము లేనిదే తనతో మాటలాడవలదనును. వాఁడు వచ్చి యింజను చక్రములను గలుపు నినుపకడ్డీమీఁదఁ గూలఁబడును. ఇంజను కదలును. కడ్డీ వానిని మెల్లగా మీఁది కెత్తును, క్రిందికి దించును, మరల నెత్తును. వాఁడు దుఃఖమున మునిఁగి యది గమనింపఁడు. గమనించునప్పటికి షెడ్డులోపలికిఁ బోవుచుండును.

ఇచ్చట నేమి వాయింపవలయును? కడ్డీతోపాటు స్వరమును మీఁదికిఁ గ్రిందికి నడిపించుట యందఱికిఁ దోఁచునది. చేసి చూచిన నది సభకు వ్రేలుచూపి 'అదిగో చూడుఁడు' అనినట్లుండును. నా యభిప్రాయమున, ప్రియురాలు వానిని విడిచిపోయినప్పు డారంభించిన విషాదగీతమునే యించుకయు మార్పక నడపవలయును. జానీకిఁ దెలియనిది వాద్యమునకుఁ దెలియరాదు. చక్రము తిరుగుచుండ పాట తిరుగకుండుటయే యిచ్చటి చమత్కారము. వాఁడు తల యెత్తి చూచిన క్షణమున నొక్కస్వరము తెగిపోయినఁ జాలును.

ఆ చిత్రముననే యింకొక ఘట్టము చిక్కు గలది. జానీ బండిమీఁద కట్టెలు కొట్టుచుండఁగా వాని వెనుక దక్షిణసైన్యము వెనుకకుఁ బాఱును. పిదప శత్రుసైన్యము ముందుకు వచ్చును. వాఁడు తల యెత్తఁడు. పై సూత్రము ననుసరించి గొడ్డలిని మాత్రమే వాయించినచో సేనల వైశాల్యము సన్నగిలును. సేనల కవాతు వాయించినచో జానీకిఁ దెలియనిది వాద్యమునకుఁ దెలిసినట్లగును. ఇచ్చట నేను సూత్రమును గొంత సడలింతును. తెఱపై నొక్కచట్రముననే రెండాశ్రయములు చూపఁబడినవి గనుక వాద్యమునందును రెండు చేతు లుండవచ్చును: కుడిచేత గొడ్డలిపాటు, ఎడమచేత దూరమునుండి క్రమముగాఁ బెరుఁగు కవాతు. కవాతు నిజమైన కవాతుగానే యుండవలయును. వంకరస్వరముల వెక్కిరింపు కవాతు కారాదు. సేనలు హాస్యము కొఱకు రాలేదు.

నేను చెప్పుచున్నది క్రొత్తమాట కాదు. చాప్లిన్ 1964లో వెలువడిన స్వీయచరిత్రమున నీ విషయముననే తన సంగీతలేఖకులతోఁ దనకుఁ గలిగిన తగవును దెలిపెను. వారు హాస్యచిత్రమున కని హాస్యసంగీతమును గోరిరఁట. ఆయనయో, తన దేశదిమ్మరి పాత్రకుఁ బ్రక్కన సొగసైన, నాగరకమైన, శృంగారచ్ఛాయ గల సంగీతమును గోరెను. తనతోఁ బోటీ పడు సంగీత మక్కఱలేదనెను. ఆయనకు స్వరలిపి వ్రాయుట రాదు. పాడియు, పియానోమీఁద మీటియు వినిపింప నితరులు వ్రాసికొనిరి. 1931 జనవరి 30వ తేదీని లాస్ ఏంజిలిస్‌లో మొదట చూపఁబడిన 'సిటీ లైట్స్' కట్లే ఆర్థర్ జాన్‌స్టన్ సాయపడెను. టాకీ వచ్చి మూఁడేండ్లు దాఁటినను మాటలాడ నిరాకరించిన యా చిత్రమునకు సంగీతము ఫిలిముమీఁదనే ముద్రింపఁబడినది. కావున నది ప్రత్యక్షవాద్యము కాదు. ప్రత్యక్షవాద్యము తన్నుఁ దాను శాశ్వతముగా వ్రాసికొనిన రూపము. అందుఁ బూలమ్మికి వినిపించు పాట మాత్రము స్పెయిన్ దేశపు హోసే పాదియా రచించిన 'లా వియొలెతేరా'. మొదటి కలయికలో, అనఁగాఁ బూలమ్మి చూడలేక తొట్టినీరు వానిముఖమునఁ జల్లు హాస్యఘట్టపు సమీపముననే వినిపించిన యా పాట నచ్చట వంకరగా వాయించియున్నచోఁ గడపటి గుఱుతింపుఘట్టమున దాని కెవరు కన్నీరు విడుతురు?

ఆ చిత్రమే నా సూత్రమునకు హద్దునుగూడఁ జూపుచున్నది. ఆరంభమున శిలావిగ్రహావిష్కరణసభలోఁ బురప్రముఖు లుపన్యసించునప్పుడు వారి నోటఁ గీచుగీచుమను బూరధ్వని వెలువడును. మఱియొకచో నాయకుఁడు విందులో నీలపీఁకను మ్రింగును. ఎక్కిలి వచ్చినప్పుడెల్ల లోపల నది మ్రోఁగి పాటకుని పాట చెడఁగొట్టును, బండివానిని బిలుచును, కుక్కలను బోగుచేయును. ఇచ్చట ధ్వని వ్యాఖ్యానము కాదు, కథలోని వస్తువు. ఈల వినఁబడకున్నచో హాస్యమే లేదు. నేఁ డీ చిత్రమునకు వాద్యబృందము ప్రత్యక్షముగా వాయించునపు డా యీలవాని పని కత్తిమీఁది సాము: ఎక్కిలికిఁ గొంచెము తప్పిపోయెనా, ఘట్టమంతయు వ్యర్థము. కావున ధ్వని విభావమైనచోట వాద్యము చిత్రమును ముమ్మూర్తులఁ బోలవలయును. విభావము కానిచోటఁ దన దారిని బోవలయును. 1940 నాఁటి 'గ్రేట్ డిక్టేటర్' టాకీయే యైనను అందు మాటలేని రెండు ఘట్టములు వెంటవెంటనే వచ్చి యీ రెండు మార్గములను జూపును. నియంత భూగోళపు బుడగతో నాడునప్పుడు వాగ్నర్ రచించిన 'లోహెన్‌గ్రిన్' నాందీసంగీతము నిర్మలగంభీరముగా వినఁబడును. వాని యున్మాదము వానికిఁ బవిత్రము గనుక. పిమ్మట మంగలి బ్రామ్స్ రచించిన 5వ హంగేరియను నృత్యమునకు సరిగాఁ గత్తి నడపును; అచ్చట రేడియోనుండి వచ్చు నా సంగీతమే మంగలిని నడుపుచున్నది గనుక.

పాత్రకు నమ్మకమే లేని ప్రహసనముల మాటయేమి యని యాక్షేపింపవచ్చును. మాక్ సెనెట్ కీస్టోన్ కంపెనీవారి పోలీసులు, దేనిని నమ్మి పరుగెత్తుదురు? పరుగే వారి ప్రాణము. అట్టివానికిఁ దొందర సంగీతమే చాలును. నేను వానిని వాదములోనికిఁ దేను. ఇంతకంటె గట్టి యాక్షేపము 1924లో రెనే క్లేర్ తీసిన 'ఆంత్రాక్త్'. అందు ఒంటె లాగు శవవాహనము వెంట శోకజనము మొదట నెగిరెగిరి నడచి తుదకుఁ బరుగులు తీయుదురు. ఎరిక్ సాతీ దానికిఁ జిన్నచిన్న స్వరఖండములను మరలమరల వచ్చునట్లు కూర్చి, బొమ్మతో నొక్కచోటను నవ్వక యేడ్వక, గోడకుఁ బూసిన రంగువలె నిలిపెను. శవయాత్రచోట మాత్రము షోపాన్ శోకయాత్రాగీతపు ఛాయ నించుక చూపెను. ఇచ్చట వాద్యమునకుఁ బాత్రాశ్రయము లేదు. అయినను నది సభతోఁ జేరి నవ్వలేదు. నేను గోరిన నిగ్రహ మందును గలదు. సాతీమార్గము మానవహృదయము గల చాప్లిన్ చిత్రమునకుఁ జల్లఁదనము గలిగించునని నాకుఁ దోఁచును.

ప్రత్యక్షవాద్యమునకు ముద్రితసంగీతమునకు లేని గుణ మొకటి కలదు. అది సభను వినుట. లాయిడ్ తన చిత్రములను విడుదలకు ముందు సామాన్యసభలకుఁ జూపి, నవ్వు వచ్చిన తీరును గమనించి మరలఁ గూర్చుచుండెడివాఁడు. కాని యెంత కొలిచినను నేఁటిసభ నవ్వు నిన్నటిసభ నవ్వుకాదు. ఫిలిము నిలువదు. నవ్వు పెద్దదైనచోఁ దరువాతి వాక్యము మునిఁగిపోవును. ఒంటరి పియానోవాఁడు దానిని గనిపెట్టి రెండావర్తములు నిలిచినచోటనే త్రిప్పుచు, నవ్వు సద్దుమణిఁగినపిదప ముందుకు సాఁగును. నవ్వురానిచోట నవ్వు నడుగఁడు. కచ్చేరిలో వయొలినువాఁడు గాయకుని యాలాపనము ముగియుదాఁక వేచి, యతని సంచారమును దాను గ్రహించి యందించినట్లు, వీఁడును వెనుకనే యుండును. లాయిడ్ చిత్రములకు లాస్ ఏంజిలిస్ నాటకశాలలలో నానాఁడే యార్గను వాయించిన గేలార్డ్ కార్టర్ (1905-2000) ముదిమియందును మరల నదే పని చేసి యా విద్యను మఱుతరమున కందించెను. ఇటలీలోఁ బొర్దెనోనెనగరమున 1982లో మొదలైన మూకచిత్రోత్సవమున నీ తెగ విద్య పోషింపఁబడినది.

పెద్దవాద్యబృందముల విషయమున నాకుఁ గొంత సంకోచము కలదు. కార్ల్ డేవిస్ (1936-2023) 'జనరల్', 'సేఫ్టీ లాస్ట్' చిత్రములకు రచించిన సంగీతమును, చాప్లిన్ సంగీతమును వాద్యబృందములకై తిమోతీ బ్రాక్ పునరుద్ధరించిన కృషియుఁ గొనియాడఁదగినవే. వా రిరువురును బాత్రను నమ్మినవారే. కాని యఱువదిమంది యొక్కకఱ్ఱకు లోఁబడి వాయించునప్పుడు నవ్వుకొఱకు నిలుచుట వీలుగాదు. సభయే వాద్యమునకుఁ దగ్గవలసివచ్చును. రెండురీళ్ల చిన్న ప్రహసనమున కింత సేన దండెత్తుట తగదు.

ఇంతకంటెఁ బెద్దయాపద యింటింటఁ జూచు ప్రతులలోఁ గలదు. హక్కులు చెల్లిన చిత్రములకుఁ జవుకబాఱు వర్తకులు దొరకిన రాగ్‌టైమ్ పాట నొకదాని నతికించి విడుదల చేయుచున్నారు. గంటనిడివి చిత్రమునకు నాలుగు పాటలు వరుసగాఁ దిరుగును. దీనికిఁదోడు నాఁడు చేతిమీటతోఁ దీసిన చిత్రమును టాకీవలె సెకనుకు 24 బొమ్మల చొప్పునఁ బరుగెత్తించుట. కొన్ని ప్రహసనములలో వేగము కావలయుననియే చేతిమీటను మెల్లగాఁ ద్రిప్పిరి, నిజమే; దానిపై నింకొకవేగము నెక్కించిన నటుని యడుగు కీలుబొమ్మయడుగగును. మూకప్రహసనమనఁగా గంతులేగాని హృదయము లేదని మన బడిపిల్లలు తలంచుట కీ యతుకుపాటలే కారణము. 1959లోఁ దన ప్రాఁతచిత్రములు మూఁటికిని, 1969లో 'సర్కస్'కును, 1971లో 'కిడ్'కును జాప్లిన్ వృద్ధాప్యమునఁ దానే కూర్చుండి సంగీతము కట్టుకొనుటకుఁ గల ప్రయోజన మీ యతుకులు విన్నవారికిఁ దెలియును.

కడపట మౌనమునుగూర్చి యొక్కమాట. 1928 నాఁటి 'స్టీంబోట్ బిల్ జూనియర్'లోఁ బెనుగాలికి రెండంతస్తుల యింటిముందరిగోడ యంతయు నొక్కపెట్టునఁ గీటన్‌మీఁదఁ బడును. మీఁది కిటికీఖాళీ సరిగా వాఁడు నిలిచినచోటఁ బడుటచే బ్రతికిపోవును. అది నిజమైన గోడయే. కొలఁది యంగుళములు తప్పినచో నటుఁడు మిగులఁడు. గోడ వ్రాలఁజొచ్చినప్పుడు పియానోవాఁడు చేతులు తీసివేయవలయును. నేల నంటినప్పుడు గూడ నేమియు మ్రోఁగింపరాదు. మొదట సభ యూపిరి బిగఁబట్టిన చప్పుడును, పిదప నవ్వును వినఁబడవలయును. కీటన్ చుట్టుఁ జూచి పరుగెత్తినప్పుడు, గాలిపాటతో మరలఁ జేరవచ్చును.